చట్టం తెలియదని చెబితే కోర్టు వదిలేస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. మీ బావమరిది పెళ్లిపని మీద కాళేశ్వరం వంతెన దాటి మహారాష్ట్రలోని సిరోంచకు వచ్చాడు. బండికి తగిలించిన సంచిలో రెండు మద్యం సీసాలు ఉన్నాయి. రెండూ భూపాలపల్లి జిల్లాలో లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్నవే, బిల్లు కూడా ఉంది. ఇవతలి ఒడ్డున తనిఖీలో పట్టుకుని పంచనామా రాశారు, కేసు పెట్టారు, బండి జప్తు చేశారు. సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో మద్యనిషేధం ఉందన్న సంగతి అతనికి నిజంగానే తెలియదు. తెలియక చేసిన పనికి శిక్ష ఏమిటి, ఆ మాట జడ్జిగారితో చెప్పుకుంటే వదిలేయరా అని అడిగారు.

వదిలేయరు. చట్టం తెలియకపోవడం నేరం నుంచి బయటపడే దారి కాదు. శిక్ష ఎంత అన్న దగ్గర కొంత పనికిరావచ్చు, అంతవరకే. అయితే మీరు అడగని మాట ఒకటి ముందే చెప్పాలి, ఆలస్యమైతే దాన్ని సరిదిద్దడం కష్టం. "నాకు తెలియదు సార్, తెలిస్తే తెచ్చేవాడినే కాదు" అని మీ బావమరిది ఎక్కడా రాసి ఇవ్వకూడదు, అలా రాసిన కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఆ మాటలో అమాయకత్వం కనిపిస్తుందని మనం అనుకుంటాం. కోర్టు దాన్ని చదివే తీరు వేరు. సీసాలు నావే, నేనే తెచ్చాను, అందులో ఉన్నది మద్యమని నాకు తెలుసు అని మూడు విషయాలూ ఒప్పుకున్నట్టు అవుతుంది. ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సినవన్నీ నిందితుడే అప్పగించేసి, కోర్టు ఒప్పుకోని సాకు ఒక్కటి తన దగ్గర ఉంచుకున్నట్టు.

నేను సిరోంచ, అహేరి కోర్టుల్లో వకాలత్ చేస్తున్నాను. ఇక్కడికి వచ్చే కక్షిదారుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. అటు చెన్నూరు, మహదేవ్‌పూర్ నుంచి ఇటు పిల్లనిచ్చినవాళ్లు, ఇటు అంకీసా, ఆసరల్లి నుంచి అటు పొలం పనులకు వెళ్లేవాళ్లు. గోదావరికీ ప్రాణహితకూ రెండు ఒడ్డులా మాట ఒకటే, బంధుత్వం ఒకటే. చట్టం మాత్రం నది మధ్యలో మారిపోతుంది. ఇంట్లో మాట్లాడే భాష మారలేదు కాబట్టి రాష్ట్రం మారిందన్న ఎరుక మనిషికి కలగదు. మీ బావమరిది అబద్ధం చెబుతున్నాడని నేను అనుకోవడం లేదు. అతను నిజం చెప్పినా అది రక్షించదు, నా బాధ అదే.

ముందు అతని కేసు సంగతి చూద్దాం. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమలులో ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని దారూబందీ అంటారు. పక్కనే ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు, కాబట్టి ఒకే రాష్ట్రంలో రెండు పొరుగు జిల్లాల మధ్యే తేడా ఉంది. దీనికి ఆధారం 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, ఇప్పుడు మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం అంటున్నాం. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. నిషేధం లేని జిల్లాలోకైనా సరే, వేరే రాష్ట్రం నుంచి అనుమతి లేకుండా మద్యం తేవడం ఇదే చట్టం కింద నేరం. అందుకే మీరు భద్రంగా దాచుకున్న ఆ బిల్లు రెండువైపులా కోస్తుంది. అది నాటుసారా కాదు, కల్తీ కాదు, అమ్మకానికి పెద్దఎత్తున తెచ్చింది కాదు అని చూపించడానికి పనికొస్తుంది. ఇతర రాష్ట్రం నుంచి తెచ్చారనడానికి కూడా అదే సాక్ష్యం. వకీలుకు చూపించండి. అంతకుముందు ఎవరికీ ఇవ్వకండి.

ఇప్పుడు అసలు సూత్రం. పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లో 76, 79 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 14, 17 సెక్షన్లు అయ్యాయి. అంకెలు మారాయి గాని విషయం 1860 నుంచి ఒకటే. వాస్తవం విషయంలో పొరపడి, మంచి నమ్మకంతో, చట్టం ఒప్పుకునే పనే చేస్తున్నానని అనుకున్నవాడు నేరస్తుడు కాడు. చట్టం విషయంలో పొరపడినవాడికి ఈ రక్షణ లేదని ఆ సెక్షన్లే విడమరిచి చెబుతాయి. అంటే "ఏం జరుగుతోందో నాకు తెలియదు" అన్నది ఒక వాదన. "అలా చేయడం తప్పని నాకు తెలియదు" అన్నది వాదన కాదు. ఈ గీత ఎక్కడ పడుతుందో పట్టుకుంటే సగం కేసు అర్థమైనట్టే.

మీ బావమరిది కేసులోనే చూడండి. సీసాలు ఇంకెవరో అతనికి చెప్పకుండా సంచిలో పెట్టి ఉంటే అది వాస్తవం తెలియకపోవడం. సంచి అతనిదే అయినా, అందులో ఏముందో తెలిసి దగ్గర ఉంచుకున్నాడా అన్నది కోర్టు చూస్తుంది. ఆయుర్వేద మందులైన అరిష్టమో ఆసవమో అనుకుని ఎవరో ఇచ్చిన సీసా పట్టుకెళ్తుంటే అదీ వాస్తవంలో పొరపాటే. అయితే మద్యనిషేధ చట్టంలో సొత్తు దొరికిన మనిషి మీదకు అనుమానాన్ని నెట్టే నిబంధన ఉంది, దానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అతనే. కాబట్టి ఉత్త మాట చాలదు, సంచి ఎవరు సర్దారు, ఎవరు చూశారు అన్నది చెప్పగలిగే మనిషి కావాలి. లేని కథ అల్లమని నేను చెప్పడం లేదు. ఉన్న నిజం ఏదైతే అది, సరైన చోట, సరైన మాటల్లో చెప్పాలి.

వాస్తవంలో పొరపాటు ఎంత దూరం కాపాడుతుందో తెలియాలంటే 1952 నాటి చిరంగి కేసు చూడాలి. నాగపూర్ హైకోర్టు తీర్పు అది, అప్పట్లో మా సిరోంచ కూడా చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో భాగంగా ఆ హైకోర్టు కిందే ఉండేది. కాలికి గడ్డ లేచి జ్వరంతో ఉన్న మనిషి అడవిలో జారిపడ్డాడు. ఆ మైకంలో ఎదురుగా ఉన్నది పులి అనుకుని గొడ్డలితో కొట్టాడు. చనిపోయింది అతని ఒక్కగానొక్క కొడుకు. ప్రాణంగా చూసుకున్న కొడుకు. కోర్టు అతన్ని విడిచిపెట్టింది, ఎందుకంటే అతను అనుకున్నదే నిజమై ఉంటే, ఎదురుగా పులే ఉండి ఉంటే, ఆ దెబ్బ తప్పు కాదు. అలాగే ఒరిస్సా హైకోర్టు బాలాసోర్ జిల్లాలోని పాత విమానాశ్రయం దగ్గర జరిగిన ఉదంతంలో, రాత్రిపూట కదిలే వెలుగును చూసి దయ్యాలనుకుని కత్తి దూసిన నౌకరును విడిచిపెట్టింది. అతని కత్తికి ఒక ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. ఆ వెలుగు ఇప్పపువ్వు ఏరుకోవడానికి లాంతరు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లది.

ప్రాణం తీసినవాడు బయటపడ్డాడు, రెండు సీసాలు తెచ్చినవాడు బయటపడడా అని మీకు అనిపించవచ్చు. ఇదే ప్రశ్న నన్ను కోర్టు వరండాలో చాలామంది అడిగారు. జవాబు ఒక్కటే. చిరంగి తన కొడుకని తెలిసి కొట్టలేదు. మీ బావమరిది మద్యమని తెలిసే తెచ్చాడు. ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు, ఇక్కడ అది నేరమన్న ఒక్క సంగతే తెలియదు.

ఈ సూత్రం ఎంత కఠినంగా ఉంటుందో చెప్పడానికి వకీళ్లం అందరం చెప్పుకునే కేసు మేయర్ హన్స్ జార్జ్‌ది. ఇది మహారాష్ట్ర కేసే. అతను జర్మనీ దేశస్థుడు. జ్యూరిక్ నుంచి మనీలా వెళ్తూ 1962 నవంబర్ 28న బొంబాయిలో విమానం ఆగినప్పుడు దొరికాడు. ఒంటి మీద ప్రత్యేకంగా కుట్టించుకున్న కోటు, అందులో 28 అరలు, 19 అరల్లో బంగారు పలకలు, మొత్తం సుమారు 34 కిలోలు. అంతకుముందు ఉన్న నిబంధన ప్రకారం మన దేశం మీదుగా వేరే దేశానికి వెళ్లే బంగారానికి అనుమతి ఉండేది. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు దాన్ని మార్చి, విమానం సరుకు పట్టికలో చూపించి తీరాలని షరతు పెట్టింది. ఆ ప్రకటన గెజెట్‌లో అచ్చయింది నవంబర్ 24న. అతను జ్యూరిక్‌లో బయలుదేరింది 27న. మూడు రోజుల కింద ఢిల్లీ గెజెట్‌లో వచ్చిన మార్పు జ్యూరిక్‌లో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? బొంబాయి హైకోర్టు నిర్దోషి అన్నది. 1964లో సుప్రీంకోర్టు మెజారిటీ ఒప్పుకోలేదు, గెజెట్‌లో అచ్చయితే చాలు, విదేశంలో ఉన్న ప్రతి మనిషికీ విడిగా తెలపాల్సిన పని లేదని చెప్పి దోషిగా నిలబెట్టింది.

ఆ ధర్మాసనంలో ఒక్కరు విభేదించారు. మన రాజమండ్రి నుంచి వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు. తప్పు చేస్తున్నానన్న మనసు లేనివాడిని ఈ నిబంధన కింద శిక్షించకూడదని ఆయన రాశారు. గెలిచింది మెజారిటీయే, ఇప్పటికీ అమల్లో ఉన్నది ఆ తీర్పే. అయినా శిక్ష దగ్గరికి వచ్చేసరికి, అప్పటికే జైల్లో గడిపిన కాలం చాలన్నారు. నేరం నిలిచింది, శిక్ష తగ్గింది. ఇలాంటి కేసుల్లో మనం అడగాల్సింది ఏమిటో ఈ రెండు మాటల్లో ఉంది.

దీన్నిబట్టి చట్టం అందరికీ తెలుసని కోర్టు అనుకుంటుందా? లేదు. ఈ అపోహ వకీళ్లలో కూడా ఉంది. 1978లో మోతీలాల్ పదంపత్ చక్కెర మిల్లుల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ భగవతి దీన్ని తేటతెల్లం చేశారు. ప్రతి మనిషికీ చట్టం తెలిసి ఉంటుందన్న ఊహ ఏదీ న్యాయశాస్త్రంలో లేదన్నారు. ఉన్నదల్లా, తెలియదన్న మాటను సాకుగా తీసుకోరాదన్న నియమం. ఎందుకు తీసుకోరు అంటే, తెలుసో తెలియదో మనిషి మనసులోకి వెళ్లి చూడడం ఎవరి తరమూ కాదు. ఆ సాకు ఒప్పుకుంటే, చట్టం తెలుసుకోవడానికి శ్రమపడినవాడు శిక్ష పడి కూర్చుంటాడు, కావాలని కళ్లు మూసుకున్నవాడు ఇంటికి వెళ్తాడు. ఈ నియమం ఉండాలనే నేనూ నమ్ముతాను. కానీ దాన్ని నమ్మినవాడు ఇంకొకటి కూడా నమ్మి తీరాలి. సాకు ఒప్పుకోని ప్రభుత్వం చట్టాన్ని జనానికి తెలియజెప్పాలి. ఈ వంతెనకు రెండు కొసలా తెలుగులో, మరాఠీలో, గోండిలో రాత్రిపూట కూడా కనిపించేలా బోర్డులు ఉండాలి. పెళ్లిళ్ల నెలల్లోనైనా ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. పట్టుకోవడానికి మనుషులు ఉన్నప్పుడు చెప్పడానికీ ఉండవచ్చు.

ఈ మాట నా సొంత కోరిక మాత్రమే కాదు, సుప్రీంకోర్టు తీర్పుల్లోనూ దీని మూలం ఉంది. 1951లో హర్లా కేసు. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో ఒక నల్లమందు చట్టాన్ని తీర్మానం చేసి ఊరుకుంది, ఎక్కడా ప్రచురించలేదు. ఆ చట్టం కింద హర్లాకు 50 రూపాయల జరిమానా పడింది. జస్టిస్ వివియన్ బోస్ దాన్ని కొట్టేశారు. జనానికి తెలుసుకునే వీలే లేని చట్టంతో జనాన్ని శిక్షించడం సహజన్యాయానికి విరుద్ధమన్నారు. 1987లో బి.కె. శ్రీనివాసన్ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు, అధికారులు గదుల్లో కూర్చుని చేసే నియమాలకు ప్రచురణ ఎంత అవసరమో వివరంగా రాశారు. కాబట్టి ప్రచురించని నియమాన్ని మీ మీద మోపితే "తెలియదు" అన్న మాటకు బలం ఉంటుంది. ప్రచురించిన దానికి ఉండదు. మీ కేసులో 1993 నాటి నిషేధం రహస్యమేమీ కాదు, కాబట్టి ఈ దారి మీకు లేదు. స్థానిక అధికారి నిన్నగాక మొన్న ఇచ్చిన ఉత్తర్వు కింద పట్టుబడ్డవాళ్లు మాత్రం ఆ ఉత్తర్వు ఎప్పుడు, ఎక్కడ ప్రకటించారో తప్పక అడగాలి.

ఇంకో దారి ఉంది, అది నేరం స్వభావాన్ని బట్టి ఉంటుంది. దొంగతనం వంటి నేరాల్లో దురుద్దేశం ఉండి తీరాలని చట్టమే అంటుంది. నదిపాయ మారి లంకభూమి అటూ ఇటూ అయినప్పుడు, అది తమదేననుకుని పంట కోసుకున్నవాళ్ల మీద ఇక్కడ దొంగతనం కేసులు పడుతుంటాయి. హక్కు తమకుందని నిజాయితీగా నమ్మి కోసుకుంటే, ఆ నమ్మకం చట్టప్రకారం తప్పే అయినా, దొంగతనం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన సువ్వారి సన్యాసి అప్పారావు కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అలాగే ధాన్యం వ్యాపారి నాథూలాల్ కేసు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టి రుసుము కట్టాడు, తిరస్కరించినట్లు ఎవరూ తెలియజేయలేదు, కొన్న గోధుమల లెక్కలు ఎప్పటికప్పుడు అధికారులకే పంపుతూ వచ్చాడు. లైసెన్సు వచ్చినట్టేనని నమ్మాడు. సుబ్బారావుగారు ఉన్న ధర్మాసనమే అతన్ని విడిచిపెట్టింది. నాథూలాల్ చట్టం తెలియదనలేదని గమనించండి. చట్టం తెలిసి, దాని ప్రకారమే నడుస్తున్నానని నమ్మానన్నాడు, ఆ నమ్మకానికి కాగితాలు చూపించాడు.

నది దాటి వచ్చే తెలుగువాళ్లకు మద్యం ఒక్కటే గండం కాదు. మిరప రైతుల సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. కౌలు అక్కడికన్నా చవక అని వచ్చి, ఆదివాసీ రైతు దగ్గర భూమి మాట్లాడుకుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఐదేళ్ల ఒప్పందం రాసుకుని, ముందుగానే డబ్బు ఇచ్చేస్తారు. మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడ్‌లో 36ఎ సెక్షన్ 1974 జూలై 6 నుంచి ఉంది. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాడు ఐదేళ్ల లోపు కౌలుకో తాకట్టుకో తీసుకోవాలన్నా కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి, కొనాలంటే రాష్ట్రప్రభుత్వం ఆమోదం ఉండాలి. ఇది ఆ రైతును కాపాడటానికి చేసిన చట్టం, చేయాల్సిన చట్టం. అలాంటి ఒక రైతు నా దగ్గరికి వచ్చినప్పుడు చేలో కాయ ఎర్రబడుతోంది. మొదటి కోత కూలీలు దిగారు, కల్లంలో పట్టాలు పరిచారు, అప్పుడు తహసీల్ కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. అతని జేబులో సాత్‌బారా (ఇక్కడి భూమి రికార్డు) నకలు మడతలు పడి ఉంది, భూయజమాని పేరు పక్కన ఆదివాసీ భూమి అన్న సంగతి అందులోనే మరాఠీలో రాసి ఉంది. చదవగలిగినవాళ్లను అడిగి ఉంటే సరిపోయేది. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) కార్యాలయానికి వెళ్లి ఒక్క మాట అడిగినా సరిపోయేది.

ఒప్పందాన్ని నిలబెట్టుకోవడానికి అతనికి "తెలియదు" అన్న మాట ఏమాత్రం పనికిరాలేదు. కాంట్రాక్టు చట్టం 21వ సెక్షన్ కూడా మన దేశ చట్టం విషయంలో పొరపాటును లెక్కలోకి తీసుకోదు. డబ్బు వెనక్కి రాబట్టుకునే దావాలో మాత్రం ఆ మాటకు విలువ ఉంది. ఒప్పందం చెల్లదని తరవాత తేలితే పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ అంటుంది, చెల్లదని మొదటి నుంచీ తెలిసి చేసుకున్నవాడికి ఆ అండ ఉండదు. కాబట్టి నిజంగా తెలియదని రుజువు చేసుకోవడం అక్కడ అవసరమైంది. సివిల్ వ్యవహారాల్లో కోర్టులు మొత్తంమీద మెత్తగా ఉంటాయి. చట్టం విషయంలో పొరబడి కట్టిన పన్నును కూడా తిరిగి అడగవచ్చని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. క్రిమినల్ కోర్టులో ఆ మెత్తదనం దొరకదు.

అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టేవాళ్లకు కూడా ఒక మాట. పంది కోసం కట్టాను, పులి పడుతుందని అనుకోలేదు అంటే అది వాస్తవంలో పొరపాటు అనిపిస్తుంది, కానీ రక్షించదు. అనుమతి లేకుండా పందిని చంపడమే నేరం కాబట్టి, మీరు అనుకున్నది నిజమైనా ఆ పని చట్టం ఒప్పుకునేది కాదు. పులి చనిపోతే వన్యప్రాణి చట్టం కింద మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు. ఆ తీగకు పక్క చేను రైతు తగిలి పోతే ఆ కేసు వేరే. దయచేసి కట్టవద్దు.

టేకు దుంగలు, బండి రిజిస్ట్రేషన్ గురించి క్లుప్తంగా చెబుతాను. అటవీ ఉత్పత్తికి రవాణా అనుమతి పత్రం ఇక్కడ విడిగా కావాలి. బండి అద్దెకిచ్చిన యజమానికి, తనకు తెలియకుండా వాడారని, తాను తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకునే అవకాశం చట్టంలోనే ఉంది. తెలంగాణ నంబరు బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో మీ మీద సాక్ష్యం కాదు, కానీ అటవీ అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యం కాగలదు. ఖాకీ బట్టలు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరి ముందు మాట్లాడుతున్నారో చూసుకోండి.

తెలియకపోవడం ఎవరి పక్షాన పనిచేస్తుందో కూడా చెప్పాలి. చట్టాన్ని ముందుగా మీకు నేర్పాల్సిన బాధ్యత పోలీసులకు లేదు, కానీ అరెస్టు చేస్తే ఎందుకు చేశారో మీకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం అది. 1962లో హరికిసన్ కేసులో ఇంగ్లిషు రాని నాగపూర్ మనిషికి నిర్బంధ కారణాలను ఇంగ్లిషులో ఇచ్చి, అనువాదం అడిగినా ఇవ్వకపోతే సుప్రీంకోర్టు విడుదల చేసింది. మీ బావమరిదికి మరాఠీ చదవడం రాకపోతే, సంతకం పెట్టిన కాగితాల్లో ఏముందో తెలుగులో ఎవరైనా చదివి చెప్పారా అన్నది వకీలుకు తప్పక చెప్పండి. విచారణలో సాక్ష్యాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వివరించమని అడిగే హక్కు కూడా ఉంది.

ఇక మీరు చేయాల్సినవి. ముందు బండి. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే, జప్తు చేసిన బండ్లను స్టేషన్ ఆవరణలో తుప్పుపట్టనివ్వకుండా పూచీకత్తు మీద ఇచ్చేయాలని చెప్పింది. మేజిస్ట్రేటు కోర్టులో సుపూర్ద్‌నామా (అడిగినప్పుడు బండి తెచ్చి అప్పగిస్తానన్న పూచీపత్రం) మీద విడుదలకు దరఖాస్తు పెట్టించండి. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో ఆ మనిషే రావాలి.

తరవాత, అసలు కేసు. పోరాటం "తెలియదు" మీద కాదు, రుజువు మీద. సీసాలు ఎవరి సంచిలో దొరికాయి, సంచి ఎక్కడ ఉంది, పంచనామా మీద సాక్షులుగా సంతకం పెట్టిన ఇద్దరు పంచులు నిజంగా అక్కడ ఉన్నారా, సీసాలకు అక్కడికక్కడే సీలు వేశారా, రసాయన పరీక్షకు పంపింది అవే సీసాలా, నివేదిక ఏం చెప్పింది. ఇవన్నీ ప్రాసిక్యూషన్ నిలబెట్టుకోవాల్సినవి.

మొదటి వాయిదాకే నేరం ఒప్పుకుని జరిమానా కట్టేసి పోదామని మీ వాళ్లలో ఎవరో ఒకరు తప్పక అంటారు. పెళ్లి హడావిడిలో అది సులభంగా కనిపిస్తుంది. ఈ చట్టంలో మద్యం తేవడం, దగ్గర ఉంచుకోవడం జైలుశిక్ష ఉన్న నేరాలు. ఏ సెక్షన్ పెట్టారో చూడకుండా ఒప్పుకోవడం ప్రమాదం. పైగా ఒప్పుకుంటే శిక్ష పడ్డట్టు రికార్డు ఉంటుంది, రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో పోలీసు విచారణ వచ్చినప్పుడు అది ఎదురొస్తుంది. మీ బావమరిది వయసు, ఉద్యోగ ప్రయత్నాలు మీరు రాయలేదు. చిన్నవాడైతే ఈ విషయం ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి.

ఒకవేళ నేరం రుజువైతే, అప్పుడు తెలియదన్న మాట చెప్పే సమయం వస్తుంది. శిక్ష మీద వినేటప్పుడు, తొలి నేరమని, పొరుగు రాష్ట్రం మనిషని, రెండే సీసాలని, దుకాణం బిల్లు ఉందని, అమ్మకానికి కాదని చెప్పి 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడి పూచీకత్తు మీద విడిచిపెట్టమని అడగవచ్చు. కనీస శిక్ష నిర్ణయించిన సెక్షన్లలో ఆ దారి ఇరుకవుతుంది, అయినా అడగాలి.

వకీలు ఖర్చు భారమైతే సిరోంచ కోర్టులోనే తాలూకా న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు 1987 న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

పంచనామా, ఎఫ్ఐఆర్ నకళ్లు ముందు తెప్పించుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఏ సెక్షన్లు రాశారో, సంచి గురించి ఏ మాటలు వాడారో చూసి ఇక్కడ రాస్తే, తరవాత ఏం చేయాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. పేర్లు, కేసు నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి.